గేటు దగ్గర ఎవరిని ఆపవచ్చు, ఎవరిని ఆపకూడదు: సత్రాలు, మండపాలు, హాస్టళ్లు నడిపేవారికి

అమలాపురం పక్క పల్లె మాది. ఊరి కల్యాణ మండపం కమిటీలో పదకొండేళ్లుగా ఉన్నాను. ఒక ఎండాకాలం, మా వెనక వీధి సాయిబుగారు కూతురి నిఖా విందుకు హాలు అడగడానికి వచ్చారు. గేటు దగ్గరే మా వాచ్‌మన్ "ఇది మనోళ్లకేనండీ, బయటోళ్లకి ఇవ్వరండీ" అనేశాడు. ఆయన మారు మాట్లాడకుండా సైకిలు తిప్పుకుని వెళ్లిపోయారు. రాత్రి సంగతి తెలిసి బైలా (మండపం నియమావళి) తీసి చూస్తే అందులో అలాంటి ముక్కే లేదు. పాత చందాల పుస్తకం కూడా తిరగేశాం. స్లాబు పోసిన ఏడాది పేజీలో ఆయన తండ్రిగారి పేరు, ఎదురుగా ఇచ్చిన సిమెంటు బస్తాల లెక్క కనిపించాయి.

ఆ పేజీ చూశాకే ఈ విషయం కూర్చుని చదివాను. సత్రమో, మండపమో, హాస్టలో, బడో మీ చేతుల్లో ఉంటే ఏం చేయాలో వరసగా చెబుతాను. గేటు అవతల నిలబడాల్సి వచ్చినవారికి కూడా చివర్లో కొంత ఉంది.

ముందు బీరువా తెరవండి

మతం పేరుతో సేవ కాదనడం గురించి అన్నీ ఒకేచోట చెప్పే చట్టం మన దేశంలో లేదు. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ఉంది. మత సంస్థ తన సిద్ధాంతం కోసం సభ్యత్వాన్ని, సేవలను కొంత మేర తనవాళ్లకే పరిమితం చేసుకోవచ్చని, వ్యాపారమే ప్రధానమైన సంస్థకు ఆ వెసులుబాటు లేదని అందులోనే రాసి పెట్టారు. మన దగ్గర జవాబు రాజ్యాంగంలో కొంత, 1955 నాటి చట్టంలో కొంత, ఆదాయపు పన్ను చట్టంలో కొంత, మీ సొంత కాగితాల్లో కొంత ఉంటుంది. అందుకే కాగితాలతో మొదలుపెట్టాలి.

మూడు సంగతులు తేల్చుకోండి. సంస్థ ఎక్కడ నమోదైంది: ట్రస్టు డీడా, సొసైటీనా, దేవాదాయ శాఖ కింద 1987 చట్టంలోకి వచ్చిన గుడి సత్రమా, వక్ఫా, చర్చి ఆస్తా? స్థలం ఎవరిది: గ్రామకంఠమా, పోరంబోకా, దాత రాసిచ్చిందా? డబ్బు ఎక్కడిది: చందాలా, పంచాయతీ నిధులా, ఎంపీ కోటానా?

ఇది తేలకపోతే తర్వాతి అడుగులన్నీ ఊహలే. రాజ్యాంగం 15(2) అధికరణ చూడండి. దుకాణాలు, హోటళ్లు, భోజనశాలలు, వినోద స్థలాల్లోకి ఎవరినీ మతం, కులం, జాతి, లింగం, పుట్టిన ఊరు చూసి ఆపకూడదని మొదటి భాగం చెబుతుంది. రెండో భాగం బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం కూడే చోట్ల గురించి. ప్రభుత్వ డబ్బు పూర్తిగా గానీ కొంత గానీ పడినవైనా, ప్రజల వాడుకకు వదిలినవైనా అందరివే. స్నానఘట్టం అన్న మాట రాజ్యాంగంలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. కోటిపల్లి రేవు మెట్ల మీద పెరిగినవాణ్ణి, ఆ మాట దగ్గర కాసేపు ఆగిపోయాను.

దానపత్రంలో దాత "గ్రామ ప్రజల ఉపయోగార్థం" అని రాశాడా, "మా కులస్తుల ఉపయోగార్థం" అని రాశాడా అన్నది వేలు పెట్టి చదవండి. మొదటిది రాసి ఉంటే హాలు మొత్తం ఊరిది. ఎంపీ నిధులతో కట్టినట్టు గోడ మీద బోర్డు ఉంటే ఇంకా స్పష్టం. ఆ నిధులను ప్రార్థనా మందిరాల్లో గానీ, మత సంస్థల స్థలంలో గానీ ఖర్చు పెట్టకూడదని ఆ పథకం నిబంధనలే చెబుతాయి. కాబట్టి ఆ హాలుకు మతం అంటగట్టే హక్కు ఏ కమిటీకీ లేదు.

చేసే పనులను కుప్పలుగా విడదీయండి

చాలా కమిటీలు తప్పు చేసేది ఇక్కడే. "మాది మత సంస్థ, మా ఇష్టం" అని మొత్తానికి ఒకే తాళం వేస్తారు. చట్టం మాత్రం ఒక్కో పనినీ విడిగా చూస్తుంది.

మొదటి కుప్ప, దేవుడి పని. గర్భాలయంలో అర్చన, బాప్తిస్మం, ప్రభు బల్ల (చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం), ఇమాముగా నమాజు నడిపించడం, ఇలాంటివి. 26వ అధికరణ ప్రతి మత శాఖకూ తన మత వ్యవహారాలు తానే నడుపుకునే హక్కు ఇచ్చింది. సంఘంలో లేనివారికి ప్రభు బల్ల ఇవ్వనని పాస్టరుగారు అంటే అది ఆయన హక్కు. క్రైస్తవ వివాహ చట్టం 1872 కింద పెళ్లి జరగాలంటే వధూవరుల్లో కనీసం ఒకరు క్రైస్తవులై ఉండాలని చట్టమే చెప్పింది. తిరుమలలో అన్యమతస్తుల దగ్గర స్వామి మీద నమ్మకం ఉందని డిక్లరేషన్ తీసుకోవడం మనందరికీ తెలిసిందే.

అయితే ఈ కుప్పలోనే పెద్ద గొయ్యి ఒకటుంది. అది కులం. మతం చూసి ఆపడం వేరు, అదే మతంలో కులం చూసి ఆపడం వేరు. 1958లో కర్ణాటకలోని మూల్కీ వెంకటరమణ ఆలయం కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. ఆ గుడి ఒక శాఖవారిదే అయినా దాన్ని అన్ని వర్గాల హిందువులకూ తెరవాల్సిందేనంది. కొన్ని ప్రత్యేక క్రతువులను మాత్రం తమవారికే ఉంచుకోవచ్చంది, మిగతావారి దర్శన హక్కు నామమాత్రం కాకుండా ఉన్నంతవరకు. ఇక పౌరహక్కుల రక్షణ చట్టం, 1955 ఉంది. ఒక మతంవారికి తెరిచిన ప్రార్థనా స్థలంలోకి అదే మతానికి చెందిన మనిషిని అంటరానితనం పేరుతో రానివ్వకపోతే నెల నుంచి ఆరు నెలల దాకా జైలు. చట్టం "ఏ మతమైనా" అంది కాబట్టి రామాలయానికి ఎంతో చర్చికీ అంతే. మీరు ఆపిన మనిషి ఎస్సీ అయితే, కులం చూసే ఆపారని కోర్టు ముందుగానే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది మీరు. దీని మీద 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా పడుతుంది. 2015 సవరణ తర్వాత గుడి, శ్మశానం, ఉమ్మడి చెరువు, దుకాణం దగ్గర అడ్డుకోవడం, సాంఘిక బహిష్కారం అన్నీ అందులో నేరాలే. 2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో దళితుల సాంఘిక బహిష్కారం జరిగింది మన డెల్టాలోనే. పాలు, కూలి, కిరాణా ఆపేస్తే ఊరు ఎలా ఉంటుందో మనం చూశాం.

రెండో కుప్ప, సభ్యత్వం, పెత్తనం. కమిటీలో ఎవరుండాలి, ధర్మకర్త ఎవరు, అర్చకుడెవరు అన్నవి. ఇక్కడ చట్టం చాలా చోటిచ్చింది. మత సంస్థ వ్యవహారాలకు సంబంధించిన పదవిలో ఆ మతంవారే ఉండాలని చట్టం చేయవచ్చని 16(5) అధికరణే చెబుతుంది. సొంత డబ్బుతో, సొంత సభ్యులతో పెట్టుకున్న సంఘం సంగతీ ఇలాంటిదే. అహ్మదాబాదులో ఒక పార్సీ గృహ సహకార సంఘం సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసిన బైలా చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు చదివితే నాకు మనసు కష్టంగానే ఉంటుంది. అయినా చట్టం అదే, దాచి చెప్పి లాభం లేదు. అద్దె ఇంటి విషయంలోనూ అంతే. మతం పేరు చెప్పి ఇల్లు లేదన్న యజమానిని నేరుగా నిలదీసే చట్టం మనకు ఇంకా రాలేదు.

మూడో కుప్ప, మనిషికి ఎవరికైనా కావలసినవి. అన్నం, మందు, పడక, చదువు, సరుకు. ఇక్కడ "మావాళ్లకే" అనడానికి దాదాపు చోటు లేదు. టిఫిన్ హోటలు, లాడ్జి, కిరాణా కొట్టు 15(2)లో నేరుగానే ఉన్నాయి. "దుకాణం" అన్న మాటను విశాలంగా చదవాలని, డబ్బు తీసుకుని జనానికి సేవ చేసే ప్రైవేటు సంస్థలూ అందులోకి వస్తాయని 2011లో సుప్రీంకోర్టులో జస్టిస్ సుదర్శన్ రెడ్డి ధర్మాసనం చెప్పింది. అది ఒక వైద్య కళాశాల ప్రవేశాల కేసు. డాక్టరు విషయానికొస్తే, రోగికీ తన కర్తవ్యానికీ మధ్య మతాన్ని, జాతిని, హోదాను రానివ్వనని 2002 వైద్య నియమావళిలోని ప్రతిజ్ఞలో ఉంది.

బడి సంగతి కొంచెం మెలికగా ఉంటుంది. నరసాపురం వైపు మిషనరీలు 1830ల నుంచీ ఉన్నారు, వారి బడుల్లో చదివిన తరాలు మనవి. 30వ అధికరణ ప్రకారం మైనారిటీలు తమ విద్యాసంస్థలు తాము నడుపుకోవచ్చు, తమ పిల్లలకు కొన్ని సీట్లు ఉంచుకోవచ్చు. ప్రభుత్వ ఎయిడ్ తీసుకుంటే మాత్రం మిగతా పిల్లలను మతం ఒక్కటే చూసి కాదనకూడదని 29(2) అంటుంది. ఆ రెండింటి మధ్య ఎంత శాతం అన్నదాన్ని ప్రభుత్వం స్థానిక అవసరాన్ని బట్టి నిర్ణయించాలని 2002లో సుప్రీంకోర్టు పదకొండుమంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. గుర్తింపు గానీ ఎయిడ్ గానీ ఉన్న బడి మీదైతే ఇంకోటి చేయండి. ప్రార్థనకు, మత బోధకు పిల్లలను కూర్చోబెట్టే ముందు తల్లిదండ్రుల దగ్గర రాతపూర్వక అంగీకారం తీసుకోండి. 28(3) ప్రకారం అంగీకారం తప్పనిసరి, అడ్మిషన్ ఫారంలో ఒక గీత చాలు.

కల్యాణ మండపం ఏ కుప్పలోకి వస్తుంది? మీ సభ్యుల పెళ్లిళ్లకే, వేరెవరికీ ఎప్పుడూ ఇవ్వకుండా వాడుకుంటే రెండో కుప్ప అని వాదించవచ్చు. మెయిన్ రోడ్డు మీద "అద్దెకు ఇవ్వబడును" అని ఫోన్ నంబరుతో బోర్డు పెట్టి, వచ్చినవాళ్లందరి దగ్గరా అద్దె తీసుకుంటూ, ఒక మతంవాళ్లు వచ్చినప్పుడు మాత్రం సంఘం గుర్తొచ్చిందంటే నా లెక్కలో అది మూడో కుప్పే.

ఆడిటరు దగ్గర ఒక పూట కూర్చోండి

ఇది చాలామందికి తెలియదు, తెలిసేసరికి నోటీసు వస్తుంది. 1961 ఆదాయపు పన్ను చట్టం 13(1)(బి) ప్రకారం, ఒక మతానికో కులానికో లాభం చేయడానికి పెట్టిన దాతృత్వ (చారిటబుల్) ట్రస్టుకు పన్ను మినహాయింపు ఉండదు. 1962 ఏప్రిల్ 1కి ముందు పుట్టిన ట్రస్టులకు ఇది వర్తించదు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన వర్గాలు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టినవాటికీ అడ్డం రాదు. దాతలకు పన్ను తగ్గింపు ఇచ్చే 80జి రసీదు ఇవ్వాలన్నా ఇదే షరతు, పైగా ఏడాది ఆదాయంలో మత సంబంధమైన ఖర్చు ఐదు శాతం దాటకూడదు. అంటే "మా కులపు విద్యార్థులకు మాత్రమే ఉచిత హాస్టలు" అని డీడులో రాసిన ఒక్క వాక్యం లక్షల మీద పన్ను తెచ్చిపెట్టగలదు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి కాబట్టి డీడు, బైలా రెండూ పట్టుకెళ్లి కొత్త అంకెలతో సరిచూపించుకోండి.

నియమం రాసేటప్పుడు మనిషిని వదిలి పనిని పట్టుకోండి

మా కమిటీలో అందరికంటే గట్టిగా అడ్డుపడిన పెద్దాయన ఒకాయన ఉన్నారు. "వాళ్లకిస్తే మాంసం వండుతారు, పక్కన గుడి ఉంది" అన్నారు. ఆయన భయంలో నిజం ఉంది, గుడి మండపానికి ఇరవై గజాలే. అప్పుడు నేను ఒకటే అడిగాను: "బాబాయ్, మీకు ఇబ్బంది మాంసమా, మనిషా?" ఆయన కాసేపు ఆలోచించి "మాంసమేరా" అన్నారు. నియమం అక్కడే దొరికింది.

పాత అలవాటు మాట: "హిందువులకు మాత్రమే." దాని బదులు మేం రాసుకున్నది: "ప్రాంగణంలో మాంసాహారం వండరాదు, వడ్డించరాదు. మద్యం తేరాదు. గుడిలో హారతి వేళ మైకు ఆపాలి. రాత్రి పది తర్వాత మైకు లేదు. ఈ నియమాలు అందరికీ వర్తిస్తాయి."

ఆఖరి వాక్యం ఊరికే రాసింది కాదు. మీ బంధువుల పెళ్లిలో వెనక షెడ్డులో రొయ్యల వేపుడు, కోడి పులావు వండి, సాయిబుగారికి మాత్రం నియమం చూపిస్తే ఆ నియమం మతానికి ముసుగు అయిపోతుంది. మా దగ్గర ఆ మర్నాటి నుంచే మా సొంత మేనల్లుడి రిసెప్షనుకు కూడా శాకాహారమే పెట్టాల్సి వచ్చింది. ఇంట్లో వారం రోజులు మాటల్లేవు. అయినా ఆ పూట పట్టుకున్నాం కాబట్టే ఇవాళ ఎవరి ముందైనా ఆ బోర్డు చూపించగలుగుతున్నాం.

బుకింగ్ ఫారం కూడా తీసి చూడండి. మతం, కులం అన్న గడులు ఉంటే కొట్టేయండి. మీకు కావలసింది తేదీ, ఎన్ని ఆకులు లేస్తాయి, వంట ఎక్కడ, జనరేటరు కావాలా. వాచ్‌మన్‌కు జవాబు చెప్పే పని పెట్టకండి. "సెక్రటరీగారిని కలవండి" అన్న ఒక్క మాట నేర్పితే చాలు. కాదనాల్సి వస్తే రిజిస్టరులో కారణం రాసి సంతకం పెట్టి, కాపీ వాళ్ల చేతికివ్వండి. కాగితం మీద రాయడానికి చెయ్యి రాని కారణమైతే, ఆ కారణం మీద కాదనకండి.

తీర్థంలో కొట్లు

గుడి కమిటీలవారికి ఇది విడిగా చెప్పాలి. అంతర్వేది కల్యాణానికో జగ్గన్నతోట ప్రభల తీర్థానికో వెళ్తే గాజులు, జీళ్లు, బొమ్మలు అమ్మేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు, మన చిన్నప్పటి నుంచీ ఉన్నారు. దేవాదాయ శాఖ గుళ్ల కొట్ల వేలంలో హిందూయేతరులు పాల్గొనకూడదని 2015లో మన రాష్ట్రంలో ఒక జీవో వచ్చింది. శ్రీశైలం కొట్లవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. మతం కారణంగా ఎవరినీ వేలం నుంచి, లీజుల నుంచి తప్పించవద్దని 2021 డిసెంబరులో ఆ కోర్టు ఆదేశించింది. అందుచేత వేలం ప్రకటన రాసేటప్పుడు ఏం అమ్మకూడదో రాయండి, ఎవరు అమ్మకూడదో రాయకండి. మాంసం, మద్యం, జూదం వద్దనడానికి మీకు పూర్తి హక్కు ఉంది.

వరద వచ్చినప్పుడు

ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరగానే పైన రాసిన కుప్పలన్నీ పక్కన పెట్టండి. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ ప్రకారం బాధితులకు పరిహారం, సహాయం అందించడంలో లింగం, కులం, వర్గం, వంశం, మతం పేరుతో తేడా చూపకూడదు. 65వ సెక్షన్ కింద అవసరమైతే అధికారులు మీ భవనాన్ని సహాయానికి వాడుకోవడానికి తీసుకోవచ్చు. అది చర్చి హాలైనా, మదరసా అయినా, కుల సత్రమైనా.

2022 జూలైలో లంకల నుంచి పడవల్లో జనం వచ్చిన రోజులు గుర్తున్నవారికి ఇది చట్టం చదివి చెప్పనక్కర్లేదు. లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ తలుపు తట్టినవారికి వండి పెట్టిన నేల ఇది. కానీ ముందే చేసుకోవాల్సిన పనులు ఉన్నాయి. మండపం తాళం రెండో చెవి వీఆర్వో దగ్గరో సర్పంచి దగ్గరో ఉంచండి. కమిటీ తీర్మానాల పుస్తకంలో "వరద, తుఫాను రోజుల్లో బుకింగులు రద్దు, హాలు అందరికీ" అని ఇప్పుడే రాసుకోండి, నీళ్లు వచ్చాక మీటింగు పెట్టలేరు. వంట విషయంలో మాత్రం తేడా రాకుండా ఒకే గిన్నె, ఒకే పంక్తి. పాలకేంద్రం దగ్గర వేరు వరస, పునరావాస శిబిరంలో వేరు గది అంటే ఎస్సీ, ఎస్టీ చట్టం దాకా పోతుంది.

మిమ్మల్నే ఆపితే

అక్కడ గొడవ పడకండి, సాక్ష్యం పోగు చేయండి. బోర్డు ఫొటో, తేదీ, మాట అన్నవారి పేరు, పక్కన విన్నవారి పేరు. మర్నాడు రిజిస్టర్డ్ పోస్టులో "ఏ కారణంతో నిరాకరించారో రాతపూర్వకంగా తెలపండి" అని నాలుగు వాక్యాలు పంపండి. ప్రభుత్వ డబ్బు పడిందని అనుమానం ఉంటే సమాచార హక్కు చట్టం కింద పంచాయతీని అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. గుడి దేవాదాయ శాఖదైతే ఆ శాఖ సహాయ కమిషనరుకు ఫిర్యాదు. కులం కలిసిందంటే పోలీస్ స్టేషను, లేదా ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల హెల్ప్‌లైన్ 14566కు ఫోన్. ఎస్సీ, ఎస్టీ చట్టం కేసును డీఎస్పీ స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి. ఒక చిక్కు ముందే తెలుసుకోండి: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందూ, సిక్కు, బౌద్ధ మతస్తులనే ఎస్సీలుగా గుర్తిస్తుంది, కాబట్టి చర్చికి వెళ్లే కుటుంబం ఫిర్యాదు రాసే ముందు లాయరుతో మాట్లాడాలి. డబ్బు లేదని ఆగకండి. కోర్టుల్లో న్యాయ సేవల కమిటీలు ఉన్నాయి, 15100కు ఫోన్ చేయవచ్చు. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, వరద బాధితులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇస్తారు.

కమిటీవారికి ఇంకొక్క పని మిగిలింది. ఇప్పటికే ఎవరినైనా తప్పుగా తిప్పి పంపి ఉంటే, తీర్మానం రాసి ఆ ఇంటికి వెళ్లండి. మేం ముగ్గురం వెళ్లాం, బాబాయ్ కూడా వచ్చారు. విందు కొబ్బరితోటలో టార్పాలిన్ కింద పెట్టుకున్నారట, మధ్యలో వాన పడిందట. సాయిబుగారు టీ ఇచ్చారు. చందాల పుస్తకం ఆయన ముందు పెడితే తండ్రి పేరు చాలాసేపు చూశారు. రెండో అమ్మాయి నిఖాకు అప్పుడే తేదీ రాయించుకుని, అడ్వాన్సు ఇచ్చి, రసీదు మీద నియమాలు ఒక్కొక్కటీ చదివి, సంతకం పెట్టారు.